రెండో పీట

పండగ వస్తోందని చెప్పే సైరన్ మోగి ఆగిపోయింది, ఇక మిగిలిందల్లా ఎదురింటి రాతిగోడ మీద ఎండ, అది పోయేలోగా నేను కూర్చోవాలట, కూర్చోను, బూట్లు కూడా విప్పను, తోలు బూట్లు విప్పితే చాలట, కూర్చున్నట్టే లెక్కట, అందుకే తాళ్ళకి ముడి మీద ముడి వేసి బిగించుకున్నాను, శ్మశానం మట్టి ఇంకా అంచుల్లో ఉంది. లోపల అద్దం మీద దుప్పటి కప్పారు. నేల మీద రెండు పొట్టి పీటలు వేశారు, ఒకదాని మీద హసీబా వదిన కూర్చుంది, రెండోది నాది, ఖాళీగా ఉంది. పొద్దున్న మా అన్న జెరహ్ చనిపోయాడు, మధ్యాహ్నం దాటాక మట్టిలో పెట్టి వచ్చాం, పొద్దుగూకితే పర్ణశాలల పండగ. యెరూషలేములో చావుకి ఎప్పుడూ తొందరే, పండగ ముంచుకొస్తుంటే ఇక చెప్పాలా, మోసేవాళ్ళు నడిచారో పరుగెత్తారో తెలీదు, నేను వెనకాల రొప్పుకుంటూ వెళ్ళాను, చివరికి పార పట్టినవాడు కూడా ఒక కన్ను సూర్యుడి మీదే ఉంచాడు. అన్నకి పిల్లలు లేరు, అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు, అతని కోసం నేల మీద కూర్చోవలసినవాళ్ళం భార్య, చెల్లెలు, మేమిద్దరమే.

అయినవాళ్ళు పోతే ఏడు రోజులు కూర్చోవాలి, ఊరంతా వచ్చి పక్కన కూర్చుంటుంది, వంట వాళ్ళదే, మాటలు వాళ్ళవే, ఏడుపు మాత్రం మనది. కానీ పండగకి ముందు ఒక్క క్షణం కూర్చున్నా సరే, పండగ వచ్చి మిగతా రోజులన్నీ ఊడ్చుకుపోతుంది. లే, మొహం కడుక్కో, సంతోషించు అంటుంది. అసలు కూర్చోకపోతే మాత్రం అది ముట్టుకోలేదు, పండగ దాటాక ఏడుకి ఏడు రోజులూ మనవే. నాకు ఆ ఏడూ కావాలి. అరవై ఏళ్ళ మనిషిని, నా పెళ్ళి నిలవనప్పుడు ఈ గుమ్మంలోకే తిరిగొచ్చి, అన్న రాళ్ళు చెక్కే చప్పుడు వింటూ బతికినదాన్ని, నాకు అతని కోసం ఏడవడానికి ఒక్క క్షణం ఇచ్చి సరిపెట్టుకోమంటే ఎలా సరిపెట్టుకుంటాను, సంతలో కొసరు వేసినట్టు. గోడ మీద ఎండ కిందనుంచి పైకి తగ్గుతోంది, కింది వరసల రాళ్ళు అప్పుడే బూడిద రంగుకి తిరిగాయి.

"ఒసేయ్ గూలే," అన్నాడు ముర్దఖ్ బాబాయి, పెరట్లో పంపు గట్టు మీద కూర్చుని, చేతికర్రతో నా బూటు మీద తట్టి. "ఎండ గోడెక్కుతోంది, నీ మొండితనం మాత్రం దిగట్లేదు. మీ అన్నని పంపి వచ్చి కావలివాడిలా గుమ్మంలో నిలబడ్డావేమే? కూర్చో."

"కూర్చుంటే నా ఏడు రోజులూ పోతాయి బాబాయ్."

"పోతే పోనీ! పండగ రోజు ఏడవకూడదన్నది నా మాటా? పదిమంది సంతోషం ఒక్కళ్ళ దుఃఖం కన్నా ముందు నడుస్తుంది. మీ అన్నే చెప్పేవాడు కదా, వాడు పోగానే మర్చిపోయావా?"

మర్చిపోవడమా, అన్న చెప్పినవి తప్ప నా బుర్రలో ఇంకేం ఉన్నాయి గనక. నెలపొడుపు కనపడితే పెరట్లోకి లాక్కొచ్చి చూపించేవాడు, అదిగో గూలే, సన్నగా, గోరు చివరంత, అందరూ సూర్యుణ్ణి చూసి రోజులు లెక్కపెట్టుకుంటారు, ఆయనకేం, పొద్దున్న లేస్తే గుండ్రంగా నిండుగా వస్తాడు, మనం మాత్రం చంద్రుణ్ణి పట్టుకున్నాం, ఎందుకంటే మనలాగే తగ్గిపోయి, పూర్తిగా పోయి, మళ్ళీ వచ్చేవాడు అతనొక్కడే. మొదట్లో సూర్యుడూ చంద్రుడూ సమానమేనట, నువ్వు చిన్నబడు అని దేవుడు చంద్రుణ్ణి తగ్గించేశాడట, తర్వాత మనసు ఒప్పక, చంద్రుణ్ణి చిన్నబుచ్చినందుకు నా తరఫున ప్రతి నెలపొడుపుకీ పరిహారం చెల్లించండి అన్నాడట మనుషులతో. అమ్మ బతికున్నప్పుడు నెలపొడుపు రోజున బట్టలుతికేది కాదు, ఆడవాళ్ళకి ఆ రోజు సెలవు, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకునేది. దేవుడే తప్పు ఒప్పుకున్నాడంటే నాకు అప్పుడు నవ్వొచ్చేది, ఇప్పుడు రావట్లేదు, ఒప్పుకుంటే ఇక్కడికొచ్చి నాతో ఒప్పుకోమను. పౌర్ణమి ఘడియ చూసి మరీ నా ఇంటి మీద పడతాడు, అప్పుడు అమ్మని, ఇప్పుడు అన్నని.

టక్, టక్. పక్కింటి నిస్సీమ్ నిచ్చెనెక్కి పర్ణశాలకి మేకులు కొడుతున్నాడు, అన్న సగం కట్టి వదిలేసినది. పండగకి ముందొచ్చే పెద్ద ఉపవాసం ముగిసిన సాయంత్రమే అన్న మొదటి మేకు కొట్టాడు, ఏటా అంతే, నోట్లోకి మంచినీళ్ళు పోకముందే సుత్తి వెతుక్కునేవాడు. ఈ పొద్దున్న ఖర్జూరపు మట్టలు పైకి అందుకుంటూ, గూలే, కాస్త పట్టుకో అన్నాడు, నేను పొయ్యి మీద కుబ్బా ఉండల పులుసు ఉందని ఒక్క నిమిషం అన్నాను, పులుసు దించి వచ్చేసరికి నిచ్చెన పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, అలిసిపోయి కూర్చున్నట్టే. మట్ట ఒకటి ఒళ్ళో ఉంది. ఆ మట్టలే ఇప్పుడు నిస్సీమ్ పరుస్తున్నాడు, ఒత్తుగా పరిచేస్తున్నాడు, అన్న చూస్తే కేకలేసేవాడు, సందులు వదలవయ్యా, చుక్కలు కనపడకపోతే అది కప్పు ఎలా అవుతుంది, మూతవుతుంది. నిస్సీమ్‌కి ఆ మాట చెప్పాలి, నోరు రావట్లేదు. కిటికీ అరుగు మీద పెట్టెలో దబ్బపండు ఉంది, నారలో చుట్టి, మచ్చ ఉందేమోనని అన్న భూతద్దంతో పదిసార్లు చూసుకుని కొన్నది, దాని వాసన గుమ్మం దాకా వస్తోంది. రేపు దాన్ని చేతిలో పట్టుకుని సంతోషించాలట. ఎవరు పట్టుకుంటారు?

"బాబాయ్, పండగ ఎప్పుడో పైలోకంలో దేవదూతలు దేవుణ్ణి అడిగితే, నన్నెందుకడుగుతారు, కింద మనుషుల న్యాయసభ ఏం చెప్పిందో పదండి విందాం అంటాడట కదా. వాళ్ళు పొరబడి ఒక రోజు అటో ఇటో చెప్పినా అదే పండగట కదా. మరి నేను కూడా చెప్తున్నా. నా ఇంట్లో పండగ ఇంకా రాలేదు."

"న్యాయసభ అంటే ముగ్గురు పెద్దలే పిల్లా. నువ్వు ఒక్కదానివి, పైగా పొద్దున్నించి మెతుకు తినలేదు. ఆకలి మాటలకి చంద్రుడు ఆగడు."

బాబాయితో మాట గెలవలేం, అన్న కూడా గెలిచేవాడు కాదు, ఇద్దరూ కలిసి అధిక మాసం ఎందుకు అని రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునేవాళ్ళు. చంద్రుడి నెలలు ఏడాదికి సరిపోక వెనకబడతాయి, అలాగే వదిలేస్తే వసంతపు పండగ చలికాలంలోకి జారిపోతుంది, అందుకని అప్పుడప్పుడు ఒక నెల ఆగి, వెనకబడినదాన్ని కలుపుకుంటాం, దేవుడి లెక్కలోనే ఆగడం ఉంది గూలే, పరుగెత్తడమే కాదు అని అన్న నాతో అనేవాడు. ఆగడం ఉంటే నా కోసం ఆగమను. గోడ సగానికొచ్చింది ఎండ. లోపల హసీబా వదిన కదలట్లేదు. ఆమె ముందు నేల మీద పళ్ళెంలో ఉడికిన గుడ్డు, పప్పు, పొరుగువాళ్ళు తెచ్చి పెట్టినవి, ముట్టలేదు. చుట్టూ ఆడవాళ్ళు మాట లేకుండా కూర్చున్నారు, దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా వచ్చినవాళ్ళు నోరు విప్పకూడదు. దుఃఖానికి గుర్తుగా వదిన గౌను మెడ దగ్గర చింపిన చోట దారాలు వేలాడుతున్నాయి. ఆమె నన్ను చూస్తోందా, నా బూట్లు చూస్తోందా, తెలియట్లేదు.

అప్పుడూ ఇలాగే, అప్పుడు వసంతం, పస్కా పండగ, ఇల్లంతా రొట్టె తునక లేకుండా కడిగి తుడిచి పెట్టింది అమ్మ, మూలలు కూడా ఈకతో ఊడ్చింది, ఊడ్చి ఊడ్చి మంచం మీద పడుకుంది, లేవలేదు. నాకు తొమ్మిదేళ్ళు, ఇంకా ఆ లెక్కలు వర్తించని వయసు, అయినా అమ్మమ్మ తన పక్కన పీట వేసి కూర్చోబెట్టుకుంది. అమ్మమ్మ వొళ్ళు వణుకుతోంది, ఆ వణుకు నాలోకి వస్తోంది, అది ఎంత బాగుందో, ఏడుపు అప్పుడే గొంతు దాకా వస్తోంది, అమ్మ ఎప్పుడు లేస్తుంది అని అడుగుదామని నోరు తెరిచాను. అంతలో అన్న వచ్చాడు గుమ్మంలోకి, పద్దెనిమిదేళ్ళవాడు, నేరుగా శ్మశానం నుంచి. చెయ్యి చాపాడు. లే గూలే, లే, పండగ గుమ్మంలో నిలబడి ఉంది, ఎంతసేపు నిలబెడతాం అన్నాడు. నేను రానని పీట పట్టుకున్నాను. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. పంపు దగ్గరికి ఎత్తుకెళ్ళి తడిచేత్తో మొహం తుడిచాడు, చల్లగా ఉంది అని అరిచాను. నాకూ అన్నాడు. అంతే, నాకూ. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కొత్త గౌను తొడిగాడు, ఆ రాత్రి చిన్నవాళ్ళు పాడే ప్రశ్న నాతోనే పాడించాడు, ఈ రాత్రి ఎందుకు వేరుగా ఉంది అని, నేను పాడాను, పెద్దవాళ్ళు పళ్ళేల్లోకి చూస్తూ కూర్చున్నారు, ఎవరూ జవాబు సరిగ్గా చెప్పలేదు. గొంతు దాకా వచ్చిన ఏడుపు వెనక్కి వెళ్ళిపోయింది, యాభై ఏళ్ళు దాటినా అది మళ్ళీ పైకి రాలేదు. పండగ వెళ్ళాక ఊరంతా అమ్మని మామూలుగా తలుచుకునేవాళ్ళు, చచ్చిపోయి చాలా కాలమైనదాన్ని తలుచుకున్నట్టు. అన్న కూడా పండగ కాగానే ఊరవతల రాతి గనిలో పనుందని వారం రోజులు వెళ్ళిపోయాడు, అమ్మ పోయి పదిరోజులు కాలేదు, పనికి వెళ్ళిపోయాడు, ఆ కోపం కూడా నాలో ఉంది, అతను పోయాక కూడా ఉంది.

కూర్చోకపోతే పండగ దుఃఖాన్ని ముట్టుకోలేదు అన్న సంగతి నాకు చెప్పింది కూడా అతనే, ఏదో మాటల మీద, రాయి చెక్కుతూ, తలెత్తకుండా. అంత గట్టిగా ఎలా తెలుసు నీకు, పుస్తకంలో ఉందా అంటే, ఉందిలే అన్నాడు, ఉలి మీద దెబ్బ పక్కకి పోయింది, అన్న దెబ్బ పక్కకి పోవడం నేను చూసింది అదొక్కసారే.

"పై మూడు వరసలే మిగిలాయి," అన్నాడు బాబాయి. ఇప్పుడు గొంతులో వెక్కిరింత లేదు, భయం ఉంది. "గూలే, అమ్మా, నా మాట విను. రేపటినుంచి ఎనిమిది రోజులు అందరితో కలిసి నవ్వాలి, తినాలి, ఆ తర్వాత ఒక్కదానివే వచ్చి కూర్చుంటావా? అప్పటికి ఎవరొస్తారు? హసీబాకి ఇవాళ్టితో అయిపోతుంది. నీకొక్కదానికే మిగుల్తుంది. అది దుఃఖం కాదే, శిక్ష."

శిక్షే అయితే కానీ, నాది నాకు కావాలి, నేను నోరు తెరిచి ఆ మాట అనబోయాను, అంతలో లోపల్నుంచి వదిన గొంతు వినపడింది, పొద్దున్నించి ఆమె మాట్లాడింది అదే మొదటిసారి, చుట్టూ ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"దాన్ని వదిలెయ్ మామయ్యా. బూట్లు విప్పొద్దులే గూలే. మీ అన్న కూడా విప్పలేదు."

"ఎప్పుడు?"

"మీ అమ్మ పోయినప్పుడు. మీరంతా పీటల మీద ఉన్నారట. తను మాత్రం చీకటి పడేదాకా బూట్లతోనే నిలబడ్డాడట. ఆ హడావుడిలో ఎవరూ చూళ్ళేదు. పండగయ్యాక గనిలో పని అని చెప్పి వెళ్ళాడు చూడు, పనీ లేదు పాడూ లేదు, అక్కడ రేకుల గదిలో నేల మీద కూర్చున్నాడు, ఏడు రోజులూ. నాకు పెళ్ళైన కొత్తలో చెప్పాడు, నీకు చెప్పొద్దన్నాడు."

నా చెవుల్లో సుత్తి చప్పుడు ఆగిపోయింది, నిస్సీమ్ ఆపాడో, నాకే వినపడటం మానేసిందో. గని, రేకుల గది, వారం రోజులు, తిరిగొచ్చినప్పుడు అతని గడ్డం పెరిగి ఉంది, నేను గుచ్చుకుంటోందని తోసేశాను, పనిలో గీసుకునే తీరిక లేదేమో అనుకున్నాను. తొమ్మిదేళ్ళదాన్ని, గడ్డం గురించి ఏం తెలుసు. ఇన్నేళ్ళలోనూ ఏం తెలుసుకున్నాను.

"ఎందుకు కూర్చోలేదు వదినా? అతనికీ ఏడే కావాలా?"

"కాదే పిచ్చిదానా. నిన్ను లేపాలి కదా. అమ్మమ్మ లేవలేదు, పీట మీద కూర్చున్నవాడు పీట మీద ఉన్నదాన్ని ఎలా లేపుతాడు, ఒకడు నిలబడి ఉండాలి కదా అన్నాడు." వదిన ముందున్న పళ్ళెం పక్కకి జరిపింది. "కానీ ఆ ఏడు రోజులూ ఏడుపు రాలేదట. తలుపు తీసి లోపలికి వచ్చేవాడు లేడు, అందరికీ అయిపోయింది. బయట పనివాళ్ళు నవ్వుకుంటూ టీ తాగుతున్నారట. ఒక్కడూ గోడ చూస్తూ కూర్చున్నాడట. మీ అమ్మమ్మ పక్కన ఒక్క నిమిషం కూర్చుని ఉంటే చాలేది హసీబా అన్నాడు నాతో. నేనైతే నీకు చెప్పను కూర్చోమని. నీ ఇష్టం."

గోడ మీద చివరి వరస. దాని పైన ఆకాశం, ఇంకాసేపట్లో అటువైపునుంచి చంద్రుడు నిండుగా వస్తాడు, అదే చంద్రుడు, వసంతంలో నాకు అమ్మ లేకుండా వచ్చినవాడు, రోజు అనేది చీకటితో మొదలవుతుంది గూలే, ముందు సాయంత్రం, తర్వాతే ఉదయం, మన లెక్కే అంత అని అన్న అన్నప్పుడు నేను విసుక్కునేదాన్ని, ఏం లెక్కయ్యా ఇది, పడుకోబోతుంటే రోజు మొదలేంటి అని. ఖాళీ పీట. వదిన ఒక్కతే. నేను నిలబడితే నాకు ఏడు రోజులు, ఆమెకి ఈ పక్కన ఎవరూ లేని పీట, ఆమెకున్నది ఈ కాస్త ఎండే, అది కూడా నా మొండితనం చూస్తూ గడిపేసింది. నా కాళ్ళు ఎప్పుడు కదిలాయో తెలీదు. లోపలికి వెళ్ళి వంగి తాడు లాగాను, రాలేదు, ముడి మీద ముడి, నేను వేసినదే, గోళ్ళు విరుగుతున్నాయి, ముడి రావట్లేదు. బాబాయి బయట్నుంచి త్వరగా, త్వరగా అంటున్నాడు. కత్తెర, కత్తెర తెండి ఎవరైనా అని ఎవరో లేచారు.

"ఆగు," అంది వదిన. ఆమె పీట మీద కిందనే ఉంది కాబట్టి నా బూట్లు ఆమె చేతులకి సరిగ్గా అందాయి. నా కాలు ఒళ్ళో పెట్టుకుంది. ముడి పంటితో కొరికి వదులు చేసింది. ఒక బూటు ఊడింది. రెండోది కూడా. శ్మశానం మట్టి ఆమె గౌను మీద రాలింది, దులుపుకోలేదు.

కూర్చున్నాను. పీట చల్లగా ఉంది, పొట్టిగా ఉంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. వదిన భుజం నా భుజానికి తగిలింది, ఆమె వొళ్ళు వణుకుతోంది, అమ్మమ్మ వొళ్ళు వణికినట్టే, ఆ వణుకు నాలోకి వచ్చింది, ఇక అంతే, అన్నా అన్నాను, అన్నా, మట్ట పట్టుకోమన్నావు, పులుసుందన్నాను అన్నా, అమ్మా అని కూడా అన్నాను, యాభై ఏళ్ళ కిందటిదీ పొద్దుటిదీ ఒకేసారి వచ్చాయి, ఏది ఎవరి కోసమో నాకే తెలియలేదు. వదిన గుడ్డు తుంచి నా నోట్లో పెట్టింది, కన్నీళ్ళతో కలిసి ఉప్పగా దిగింది. ఎంతసేపు? చాలాసేపు అనిపించింది. బాబాయి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అయిపోయిందన్నట్టు తల ఊపాడు. గోడ మొత్తం బూడిద రంగు. నా ఏడు రోజులూ అక్కడితో పోయాయి.

ముందు నేనే లేచాను. వదిన లేవలేదు. పీట అంచులు రెండు చేతులా పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేలా. అన్నకి తెలియనిది ఒకటి నాకిప్పుడు తెలిసింది, కూర్చుని లేచిన మనిషి కూడా ఇంకొకళ్ళని లేపగలదు, బహుశా ఇంకాస్త బాగా లేపగలదు. చెయ్యి చాపాను.

"లే వదినా, లే. పండగ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపు నిలబెడతాం?"

ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. ఒట్టికాళ్ళతోనే ఇద్దరం పెరట్లోకి నడిచాం. నిస్సీమ్ నిచ్చెన దిగిపోయాడు, పర్ణశాల కప్పు ఒత్తుగానే ఉంది, కానీ ఒక మూల మట్ట జారి ఇంత సందు మిగిలింది, చాలు. పంపు కింద చెయ్యి తడుపుకుని వదిన మొహం తుడిచాను, నుదురు, కళ్ళు, బుగ్గలు.

"చల్లగా ఉంది గూలే," అంది వదిన.

"నాకూ," అన్నాను.